తెరచాప దించు, రాయి పట్టుకో

నాయనా,

నీ కథ నిన్న రాత్రి మళ్ళీ చదివాను. మొదటిసారి సగంలోనే చిరాకొచ్చి పక్కన పడేశాను. పది లక్షల ఏళ్ళ కిందటి వాళ్ళ చేత తెరచాప ఎత్తించావు. నాయకుడి చేత చుక్కలు చూసి దిక్కు చెప్పించావు. చాలక ఒడ్డున ఒక పిల్లను నిలబెట్టి కన్నీళ్ళు కూడా పెట్టించావు. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవి కనబడేసరికి సగం కథ అయిపోయింది. భాష బాగానే ఉంది. ఆ మాట నీకు చాలామంది చెప్పే ఉంటారు.

ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే. చివర్లో ఎక్కడో, దారిన పోతూ అన్నట్టు, "లుజాన్ దీవిలో వాళ్ళ బంధువులు ఖడ్గమృగాన్ని కోసుకుని, ఎముకలు పగలగొట్టి మూలుగ తిన్నారు" అని ఒక్క వాక్యం రాసి వెళ్ళిపోయావు. నేను అక్కడే ఆగిపోయాను. రాసినవాడివి నువ్వెందుకు ఆగలేదు?

ఆ చోటు ఫిలిప్పీన్స్‌లోని కలింగ. సంగతి 2018లో బయటికొచ్చింది. ఏడు లక్షల ఏళ్ళ నాటి మట్టిలో ఒకే ఖడ్గమృగం ఎముకలు, చాలావరకు మొత్తం జంతువే, దాని చుట్టూ 57 రాతి పనిముట్లు. పక్కటెముకల మీద, కాళ్ళ మీద కోతగాట్లు. ముందుకాళ్ళ పైఎముకలు రెండింటి మీదా రాతిదెబ్బలు. ఆదివారం పూట నల్లిబొక్క చేతిలో పట్టుకుని పళ్ళేనికి కొట్టే మనకు ఆ దెబ్బ ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంతా చేసి, తిన్నవాళ్ళ ఎముక ఒక్కటీ అక్కడ దొరకలేదు. ఎవరో తెలియదు. నువ్వేమో బంధుత్వం కూడా కలిపేశావు!

నాకున్న పట్టుదల ఒక్కటే, దీనికోసం ఎంతమందితోనైనా పోట్లాడతాను. రాతి పనిముట్ల మీద రాసేవాడు ముందు ఒక రాయి కొట్టి చూడాలి. ఫొటో చూసి రాస్తే సరిపోదు. కుందూ ఒడ్డున గులకరాళ్ళు ఏరుకొచ్చి, ఇంటి వెనక కూర్చుని నేనూ కొట్టాను. మణికట్టు వాచింది, వేలు తెగింది, రాయి మాత్రం పెచ్చు ఇవ్వలేదు. పక్క వీధిలో పునాదికి రాళ్ళు కొడుతున్న పెద్దాయన చూసి నవ్వాడు. "నడిమిన కొడితే సెయ్యి అదురుతాది సార్, రాయి పలకదు. అంచు సూసి, వాలుగా కొట్టల్ల" అన్నాడు. తనే రాయి తీసుకుని ఒక్క దెబ్బ వేశాడు. పల్చటి పెచ్చు ఊడి వచ్చింది. లోపలి వైపు, దెబ్బ తగిలిన చోటుకి కిందనే చిన్న ఉబ్బు, అక్కణ్ణుంచి పాకిన అలలు. ఆ ఉబ్బు, ఆ అలలు, ఒకే వైపు నుంచి వరసగా పడ్డ దెబ్బల మచ్చలు చూసే, ఇది ఏట్లో దొర్లి పగిలిన రాయి కాదు, చెయ్యి కొట్టిన రాయి అని తేలుస్తారు. మొన్న 2025లో ఇండోనేషియాలోని సులవేసి దీవిలో, కాలియో అనే చోట, మొక్కజొన్న చేలో దొరికినవి ఇలాంటివి ఏడంటే ఏడు. వయసు కనీసం 10.4 లక్షల ఏళ్ళు. అక్కడ కూడా మనిషి ఎముక లేదు. ఏడు పెచ్చులు కథకి చాలవని నీకు అనిపించవచ్చు. నాకైతే ఎక్కువే.

పత్రికల వాళ్ళకీ చాలవు. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ళ కిందట చిమ్మిన బూడిద ఉంది. కొన్నిచోట్ల మనిషి నిలువు దాటిన మందం. ఆ బూడిద కిందా రాతి పనిముట్లున్నాయి, పైనా ఉన్నాయి. 2007లో ఆ పరిశోధన వచ్చాక నేనొక వ్యాసం రాసి ఒక ఆదివారం అనుబంధానికి పంపాను. సంపాదకుడుగారు రాళ్ళ పేరాలన్నీ కోసేసి, నిప్పులు కక్కుతున్న కొండ బొమ్మ వేసి, "మానవజాతి అంతమయ్యేదా?" అని శీర్షిక పెట్టాడు. బూడిద తర్వాత కూడా మనుషులు రాయి కొడుతూనే ఉన్నారన్నది నా వ్యాసం! ఫోన్ చేస్తే "పాఠకులకు థ్రిల్ కావాలండీ" అన్నాడు. ఫ్లోరెస్ మనిషికి హాబిట్ అని ఇంగ్లీషు కథల్లోని మరుగుజ్జుల పేరు తగిలించి సంబరపడే ఫ్యాషనూ ఇదే బాపతు. 2003లో లియాంగ్ బువా గుహలో ఆ మీటరు ఎత్తు మనిషి దొరక్కముందే ఆ దీవిలో రాళ్ళు మాట్లాడాయి. వెర్‌హోవెన్ అనే డచ్చి ఫాదర్ స్టెగోడాన్ అనే, ఇప్పుడు లేని ఏనుగు లాంటి జంతువుల ఎముకల మధ్య రాతి పనిముట్లు చూసి, ఇవి లక్షల ఏళ్ళ నాటివని మొత్తుకున్నాడు. చర్చి ఫాదరు మాట ఎవరు వింటారు? 1998లో కాలం లెక్కలు తేలాకగానీ లోకం అటు తిరగలేదు.

మరి సముద్రం ఎలా దాటారంటావు. నిజమే, మంచుయుగాల్లో సముద్రం 120 మీటర్లు దిగినా ఫ్లోరెస్, సులవేసి ప్రధాన భూమితో కలవలేదు. మధ్యలో లోతు నీళ్ళు. కానీ 2004 సునామీలో ఆచే తీరం నుంచి కొట్టుకుపోయి, కొమ్మలూ చెత్తా పట్టుకుని రోజుల తరబడి తేలి బతికినవాళ్ళున్నారు. అలా వచ్చారో, వెదుళ్ళు కట్టుకుని వచ్చారో సాక్ష్యం లేదు. లేనిచోట నువ్వు సగం కథ నడిపావు, ఉన్నచోట ఒక్క వాక్యంతో సరిపెట్టావు.

ఆ ఖడ్గమృగం దగ్గర మొదలుపెట్టి మళ్ళీ రాయి. తినేవాళ్ళకి పేర్లు పెట్టకు, ముఖాలు వర్ణించకు. చేతులు చాలు. మొదటి ఎముక పగిలాక రెండోదాని మీదికి రాయి ఎత్తినప్పుడు ఎవరు పట్టుకున్నారు, ఎవరు కొట్టారు, అది చూడు. ఒడ్డున నిలబెట్టిన పిల్లను ఇంటికి పంపించెయ్.

పుస్తకం వెయ్యడం గురించీ పోటీల గురించీ ఏదో అడిగావు. ఈ కథ తేలాక చూద్దాం. అన్నట్టు, కవరు మీద నా పిన్‌కోడ్ తప్పు రాశావు. పోస్ట్‌మ్యాన్ తెలిసినవాడు కాబట్టి చేరింది. ఈసారి స్పీడ్ పోస్టులో పంపు, జిరాక్స్ ఒకటి నీ దగ్గర పెట్టుకో.

ఆశీస్సులతో.