పాత సామాన్ల కొట్టు పెడతానంటున్న మేనల్లుడికి

చిరంజీవి శీనుకి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, వీడు ఉద్యోగం మానేసి పాత సామాన్ల కొట్టు పెడతాడట. అచ్చం నీ పోలికే" అన్నాడు. తిట్టాడో పొగిడాడో వాడికే తెలియదు. ఫోన్ పెట్టేశాక మీ మామయ్య ఫోటో ముందు నిలబడి కాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాత తెల్లారేదాకా కునుకు లేదు.

నీకు పదేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో మా కొట్టుకొచ్చి, నిజాం నాణెం మీద చార్మినార్ గుమ్మంలో ఆ గీత ఏమిటని అడిగావు. ఉర్దూ మీమ్ అక్షరముంటే మహబూబ్ అలీఖాన్ కాలానిది, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌ది అని మామయ్య చెప్పాడు. సాయంత్రానికల్లా డబ్బాడు నాణేలూ రెండు కుప్పలు చేసి కూర్చున్నావు. వీడిక బాగుపడడని ఆ రోజే అనుకున్నాను.

అద్దె, జీఎస్టీ, లెక్కల పుస్తకం గురించి మీ నాన్న చెప్తాడు. ఇంట్లో ఉంచుకునేవి ఒక బీరువాలో, అమ్మేవి ఇంకో బీరువాలో పెట్టు. లేకపోతే దేన్నీ అమ్మడానికి చేతులు రావు. ఏదీ తోమకు. నల్లటి లోహం మీద వెండి పొదిగిన బిద్రీ హుక్కా కుండకి చింతపండు పట్టించావంటే నలుపంతా పోతుంది, ఆ తర్వాత నీ చేతిలో మిగిలేది జింకు ముద్దే. కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే చాలు. గ్రామఫోన్లు చూసి మనసు పారేసుకోకు. పెట్టె కొత్తది, బూర కొత్తది, కుక్క బొమ్మ బిళ్ళ ఒక్కటే పాతది. అదీ ఒక్కోసారే.

ఇప్పుడు అసలు సంగతి. నీ వాట్సాప్ స్టేటస్ మీ నాన్న నాకు పంపాడు. జానెడు ఇత్తడి నంది, కింద "200 ఏళ్ళ నాటిది" అని రాత. ఎక్కడిదిరా అది? ఎవరమ్మారు? వాడి ఆధార్ కాపీ, సంతకం తీసుకున్నావా?

నేనెందుకిలా అరుస్తున్నానో మీ అమ్మానాన్నలకి కూడా పూర్తిగా తెలియదు. మా పెళ్ళయిన ఆరో ఏడు, మామయ్య ఊళ్ళో లేడు. మధ్యాహ్నం పూట ఒకతను బియ్యం గోతంలో చుట్టి మూరెడు అమ్మవారి విగ్రహం తెచ్చాడు. తాతల నాటిదట, కూతురి పెళ్ళి ఉందట. చీర మడతల్లో పసుపు కనిపించింది. పూజలందుకున్నది, అంటే పాతదే అని మురిసిపోయాను. నాలుగు వేలిచ్చాను. మామయ్య లేకుండా ఇంత మంచి బేరం చేశానని గర్వం కూడా.

సాయంత్రం మా అత్తగారు టీ తెచ్చి, గ్లాసు బల్ల మీద పెట్టబోయి ఆగిపోయింది. కొంగుకున్న పిన్నీసు తీసి మడతలో గుచ్చి చూసింది. కొసన తడి. "పాత పసుపు నల్లబడిపోతుందే అమ్మాయ్. ఇది పచ్చగా ఉంది. వారం కిందటి దాకా దీనికి అభిషేకం జరిగింది" అంది. నేను పాతదనానికి గుర్తనుకున్నదే ఆవిడకి దొంగతనం ఆనవాలైంది.

మామయ్య రాగానే మేమే స్టేషనుకి తీసుకెళ్ళి అప్పగించాం. అయినా కొట్టంతా సోదా చేశారు. మూడేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాం. డబ్బు పోతే పోయింది. విగ్రహాన్ని గుర్తుపట్టడానికి ఆ ఊరి పూజారిగారొచ్చారు. తిడతారేమోనని తలొంచుకున్నాను. ఆయన తిట్టలేదు. "ఈసారి తిరణాలకి పళ్ళెంలో పటం పెట్టి ఊరేగించామమ్మా" అన్నారంతే. కేసు తేలేదాకా అమ్మవారు సాక్ష్యపు సామాన్ల గదిలోనే ఉంది, చీటీ కట్టించుకుని. ఆ మూడు తిరణాలలూ పళ్ళెంలో పటమే.

అప్పటినుంచి మా కొట్లో క్యాలెండర్ మీద తప్ప దేవుడు లేడు.

"200 ఏళ్ళ నాటిది" అని గొప్పకి రాయడం కూడా మానెయ్. 1972 నాటి పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. 100 ఏళ్ళు దాటిన విగ్రహమో, చిత్రమో, నాణెమో అమ్మాలంటే లైసెన్సు కావాలి. రాతప్రతికైతే 75 ఏళ్ళే. విగ్రహాల్లాంటివి ఇంట్లో ఊరికే ఉంచుకున్నా రిజిస్టర్ చేయించాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ముచ్చటపడి పంపమంటారు, 100 ఏళ్ళది మన అమ్మమ్మ దీపపు సెమ్మె అయినా సరే నువ్వు దేశం దాటించడానికి వీల్లేదు. నీ వస్తువు కొత్తదే అయితే 200 ఏళ్ళన్నది అబద్ధం, నిజమే అయితే కేసు. రెంటికీ నీ రాతే సాక్ష్యం. దంతపు గాజులు, దంతపు దువ్వెనలు ఎవరు తెచ్చినా గుమ్మంలోంచే పంపెయ్.

జాడీలు, తాళాలు, లాంతర్లు, పాత సినిమా పోస్టర్లు, ఎనామెల్ బోర్డులు, ఇవన్నీ లేవూ? వాటితోనే మేం ఇల్లు కట్టాం.

కోప్పడ్డానని బెంగపడకు. మామయ్య భూతద్దం, చిన్న త్రాసు నీకోసమే దాచాను. బుధవారం రాత్రి బస్సెక్కు. గురువారం చీకటి ఉండగానే పాత సామాన్ల సంతకి, జుమ్మేరాత్ బజారుకి పోదాం, టార్చి నేను తెస్తాను. నా మోకాళ్ళ సంగతి మీ నాన్న దగ్గర ఎత్తకు. ఆ నందిని కడగొద్దు, తుడవొద్దు. ఉన్నదున్నట్టు గుడ్డలో చుట్టి తీసుకురా.

మీ అత్తయ్య