మిద్దె మీది గది, బీగాల గుత్తి, ఇంకో ఆవిడ పేరున్న బోకులు

పాత బంగళా, ఎప్పుడూ మూసి ఉండే గది, తెల్లచీర, దీపం పట్టుకుని మెట్లెక్కే ఆడమనిషి. ఇలాంటి నలుపు తెలుపు గోథిక్ మిస్టరీ సినిమాల్లో ఏముందని జనం ఇప్పటికీ చూస్తారు అని నన్నొకరు అడిగారు. చాలామంది లైటింగ్ అంటారు, నీడలంటారు, సంగీతం అంటారు. అవన్నీ ఉన్నాయి. కానీ వాటికి ప్రాణం పోసింది కొత్తగా కాపురానికి పోయిన పిల్ల భయమే అని నా గట్టి నమ్మకం. పరాయి ఇంట్లో అడుగుపెట్టి, ఏ గిన్నె ఎక్కడుంటుందో తెలియక, ఏం అడిగితే ఎవరేమనుకుంటారో అని నోరు కట్టుకుని తిరిగిన ఆడవాళ్లకు ఈ సినిమాలు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

సస్పెన్స్ సినిమాలకు పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ 1940లో తీసిన 'రెబెక్కా'నే తీసుకోండి. డాఫ్నే డు మారియర్ 1938లో రాసిన నవల అది. సినిమాకు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా వచ్చింది. భార్య పోయిన ఒక గొప్పింటాయన, ఎవరూ లేని ఒక పిల్లను పెళ్లి చేసుకుని తన బంగళాకు తీసుకొస్తాడు. ఆ పిల్లకు సినిమా మొత్తంలో పేరే లేదు. పోయిన మొదటి భార్య పేరు మాత్రం టైటిల్లోనే ఉంది. ఉత్తరాల కాగితాల మీద, చేతిరుమాలు మీద ఎక్కడ చూసినా ఆమె పేరులోని 'ఆర్' అక్షరమే. ఆమె ముఖం ఫ్లాష్‌బ్యాక్‌లో కూడా చూపించరు. ఇంటి పెత్తనమంతా డాన్వర్స్ అనే పనావిడది. ఆమె నడిచి రావడం మనకు దాదాపు కనబడదు, తలతిప్పి చూస్తే పక్కనే నిలబడి ఉంటుంది. అలా కావాలనే తీశానని హిచ్‌కాకే చెప్పాడు.

నేను తిరుపతిలో ఉంటాను. మా చిన్నమ్మది చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దారిలో ఒక పల్లె. 2011 ఎండాకాలంలో వాళ్లింటికి పోయినప్పుడు ల్యాప్‌టాప్‌లో ఈ సినిమా పెట్టాను. చిన్నాయన ఆ రోజంతా తోటలో బెంగుళూరా మామిడికాయలు లారీకి ఎక్కించి వచ్చి, పడసాలలో అలిసిపోయి నిద్రపోతున్నాడు. నేను, చిన్నమ్మ లోపలింట్లో ఒక గిన్నెడు బొరుగులు మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఆమెకు ఇంగ్లీషు రాదు. నేను మెల్లగా తెలుగులో చెబుతూ పోయాను.

కాసేపటికి నేను చెప్పాల్సిన పని లేకుండా పోయింది. కొత్త పెళ్లికూతురు చెయ్యి తగిలి ఒక పింగాణీ బొమ్మ పగిలిపోతుంది. ఆ పిల్ల ముక్కలు ఏరి సొరుగులో దాచేస్తుంది. చిన్నమ్మ చటుక్కున నిటారుగా కూర్చుంది.

"ఆ ఇంటికి యజమానురాలు ఈ పిల్లే గదా పాపా, ఎందుకు దాచిపెడతా ఉంది?" అని, నేను నోరు తెరిచేలోపే తనే అంది, "నేనూ దాచినాలే. ఊరగాయ జాడీ పగిలితే పెంకులు తీసుకుపోయి గడ్డివామిలో దోపినా."

ఆ తర్వాత డాన్వర్స్ ఆ పిల్లను మొదటి భార్య గదిలోకి తీసుకుపోయే సీను వచ్చింది. గది ఆమె ఉన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. బట్టల బీరువా తెరిచి ఒక్కొక్కటీ చూపిస్తుంది, బొచ్చు కోటు చేతిని తీసి చెంపకు రాస్తుంది. అక్కడ చిన్నమ్మ "కొంచెం ఆపు" అంది. భయపడిందేమో అనుకున్నాను.

మా చిన్నమ్మను 1974లో రెండో సంబంధం ఇచ్చారు. అప్పుడామెకు 19 ఏళ్లు. ఇదంతా నాకు తెలిసిందే, కానీ ఆ ఇంట్లో ఆమె మొదటి ఏడాది ఎలా గడిచిందో నన్నెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పోయినావిడ సారెతో తెచ్చుకున్న బోకుల మీద 'సు' అని అక్షరం కొట్టించి ఉందట. నీళ్ల బిందె మీద, పాల తపేలా మీద, కాఫీ గ్లాసుల మీద, చివరికి గరిటె కాడ మీద కూడా. ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరం. పొద్దున గ్లాసు ఎత్తితే బొటనవేలికి అదే తగిలేదట. చిన్నమ్మ తెచ్చుకున్న సామానును పెద్ద ఆడబిడ్డ "ఇంట్లో చాలినన్ని ఉండాయి లే" అని అటకెక్కించింది. ఆ ఆడబిడ్డ చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి. బీగాల గుత్తి ఆమె నడుముకే ఉండేది. మిద్దె మీది గదికి ఎప్పుడూ బీగమే.

రాత్రిళ్లు పైన అడుగుల చప్పుడు వినబడేది. చిన్నాయన్ను అడిగితే ఎలుకలనేవాడు. చిన్నమ్మ ఆంజనేయస్వామి దండకం చదువుకుంటూ తెల్లవార్లూ మేలుకుని ఉండేది. నాలుగైదు నెలలకు, ఆయన బెల్లం మండీకని ఊరు పోయిన రాత్రి, ఇక తట్టుకోలేక లాంతరు తీసుకుని మెట్లెక్కింది. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే లోపల ఆడబిడ్డ. పోయినావిడ ట్రంకుపెట్టె తెరుచుకుని, పట్టుచీరలు ఒళ్లో వేసుకుని, మడతల మధ్య వేపాకు పెడుతూ కూర్చుంది. ఏడవడం లేదు. తల కూడా పూర్తిగా ఎత్తలేదు.

"మడత మార్చకపోతే జరీ విరిగిపోతాది" అందట.

చిన్నమ్మ లాంతరు కింద పెట్టి, చీర రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఏడు చీరలు మడత మార్చారు. బీగాలు మాత్రం ఆమె ఇంకో ఆరేళ్లకు గానీ ఇవ్వలేదు.

ఇదంతా చెప్పాక తెర వైపు చూసి చిన్నమ్మ, "ఆ పొద్దు అచ్చం ఈ మాదిరే ఉండె. లాంతరు పడినంత వరకే గోడ, తక్కిన ఇల్లు లేనే లేదు" అంది. నలుపు తెలుపు గురించి ఇంతకంటే బాగా చెప్పినవాళ్లను నేను చదవలేదు. రంగుల్లో తీస్తే గోడకు సున్నం ఎప్పుడు కొట్టారో, కర్టెన్ కొత్తదో పాతదో అన్నీ కనబడి మనసు వాటి మీదికి పోతుంది. నలుపు తెలుపులో వెలుగు ఎక్కడ ఆగిపోతే అక్కడికి ఇల్లు ఆగిపోతుంది. అవతల ఏముందో మనమే ఊహించుకుని భయపడాలి.

మన దగ్గరా ఈ బాపతు సినిమాలకు తక్కువ లేదు. 'రెబెక్కా' కథ ఆధారంగానే 1964లో హిందీలో వహీదా రెహ్మాన్‌తో 'కొహరా' వచ్చింది, అందులో ఇంటి పెత్తనం చేసే ముసలావిడ లలితా పవార్. 1949 నాటి 'మహల్'లో లతా మంగేష్కర్ పాట ఎంత మోగిపోయినా, రికార్డు మీద మొదట పాత్ర పేరు 'కామిని' అనే వేశారు. పాడిందెవరో తెలియని గొంతు! సినిమాకు అంతకంటే తగిన ప్రచారం ఉంటుందా? 1964 నాటి 'వో కౌన్ థీ'ని మనవాళ్లు 1966లో 'ఆమె ఎవరు?' అని తీశారు, జగ్గయ్య, జయలలిత. అదే ఏడాది తమిళంలో 'యార్ నీ'. అందులోనూ జయలలితే. చిత్తూరు వైపు వాళ్లకు రెండు భాషలూ ఇంటివే కాబట్టి, మా అమ్మవాళ్లు రెండూ చూసి ఏది మేలో ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

ఇప్పుడు ఇవి చూసే తీరు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుగుతుంటుంది, చేతిలో ఫోను, బ్రైట్‌నెస్ ఫుల్లుగా పెట్టి, మధ్యలో మెసేజీలు చూసుకుంటూ "ఏముంది ఇందులో, స్లోగా ఉంది" అంటారు. చీకటి లేకుండా చీకటి సినిమా ఎలా ఎక్కుతుంది? ఆన్‌లైన్‌లో పెట్టేవాళ్లయితే ఇంకా ఘోరం. చివరి పది నిమిషాల్లో తెలియాల్సిన రహస్యాన్ని ముందే బొమ్మ వేసి, ఎర్ర బాణం గుర్తు పెట్టి మరీ చూపిస్తారు. పాత సినిమాలకు రంగులు పూస్తున్నవాళ్లకు నా మనవి ఒక్కటే, ఈ సినిమాల జోలికి మాత్రం రావద్దు. దయచేసి తొందరపడకుండా, రాత్రి భోజనాలయ్యాక, దీపాలన్నీ ఆర్పి, పెద్ద తెర మీద చూడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి.

ఆ రోజు ఆపిన చోటి నుంచి మళ్లీ పెట్టబోతే చిన్నమ్మ వద్దంది. గదిలోకి తీసుకుపోయే సీను మొదటి నుంచీ పెట్టమంది. చిన్నాయన లేస్తాడని సౌండు బాగా తగ్గించాను. డాన్వర్స్ బీరువా తలుపు తీసినప్పుడు ఆమె బట్టల వైపు చూడలేదు, డాన్వర్స్ ముఖమే చూసింది.

"ఈమె చెడ్డది కాదు పాపా" అంది.

సినిమా చివర్లో డాన్వర్స్ ఏం చేస్తుందో చూశాక కూడా ఆ మాట మార్చుకోలేదు.