సీఎన్‌సీ యంత్రం పెండెంట్‌కు స్టాండు బిగిస్తే వారంటీ పోతుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. సరదాగా కొన్న చిన్న సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ ఆదేశాలతో చెక్కే యంత్రం) మీద ఇప్పుడు టేకు తలుపులకు, పూజా మందిరాలకు చెక్కడం పని చేస్తున్నాను. పని ఎక్కువైతే మా బావమరిది సాయం వస్తాడు. హైదరాబాద్ దుకాణం నుంచి ఏడాది వారంటీతో యంత్రం మోటార్లను నడిపించే కొత్త కంట్రోలర్, చేతిలో పట్టుకుని నడిపే పెండెంట్ తెప్పించాను. వైర్లు కాళ్లకు అడ్డం పడుతున్నాయని వాటిని డ్రాగ్ చైన్‌లో (వైర్లను పట్టి ఉంచే గొలుసు లాంటి గొట్టం) వేసి, పెండెంట్ కోసం యంత్రం ఫ్రేముకు స్టాండు బిగించాను. కంట్రోలర్ పెట్టె పక్కన రంధ్రం చేసి మోటారు కేబుల్‌కు గ్లాండు (కేబుల్‌ను కదలకుండా పట్టే బిగింపు) పెట్టాను. నాలుగు నెలల తర్వాత ఒక మోటారు తిరగడం మానేసింది. వేరే మోటారు తగిలించినా అదే కథ, అంటే లోపం కంట్రోలర్‌లోనే ఉన్నట్టుంది. దుకాణానికి ఫొటోలు పంపితే, ‘పెట్టెకు రంధ్రం చేశారు కాబట్టి వారంటీ చెల్లదు, వ్యాపారం చేసుకునేవారు వినియోగదారుల కోర్టుకు వెళ్లలేరు’ అని ఫోనులో చెప్పారు. నిజమేనా? స్టాండు, గ్లాండు తీసేసి, రంధ్రం మూసి పంపితే ఒప్పుకుంటారేమోనని కూడా ఆలోచిస్తున్నాను.

సమాధానం: మీ చివరి మాట నుంచి మొదలుపెడతాను. ఏదీ తీయకండి, రంధ్రం మూయకండి. ఫొటోలు ఇప్పటికే వారి దగ్గర ఉన్నాయి. ఇప్పుడు పెట్టె రూపు మారిస్తే, ఇంతవరకు మీ వైపున్న న్యాయం కాస్తా ఆధారాలు దాచారన్న ఆరోపణ కింద నలిగిపోతుంది. ఊళ్లో తెలిసిన ఎలక్ట్రానిక్స్ మెకానిక్ చేత కంట్రోలర్ బోర్డు విప్పించి చూపించడం కూడా వద్దు. ఎందుకో కింద చెబుతాను.

వ్యాపారం అన్న అభ్యంతరం పైకి గట్టిగానే కనిపిస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారిని వినియోగదారుల లెక్కలోంచి తీసేసింది. అయితే స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని, తానే వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందకు రాదని అక్కడే వివరణ ఇచ్చింది. పాత చట్టంలోని ఇలాంటి వివరణనే 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు విడమరిచింది. విచిత్రమేమిటంటే ఆ గొడవ కూడా ఒక సీఎన్‌సీ యంత్రం మీదే, కొన్నవారు ఓడిపోయారు. దుకాణం తరఫు న్యాయవాది ఆ తీర్పే బల్ల మీద పెడతారు. మీరు కంగారు పడకండి. తానే నడుపుకుని బతకడానికి లేత్ యంత్రం కొన్న మనిషి వినియోగదారుడేనని, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని అదే తీర్పులో ఉంది. మీ బావమరిది సంగతి దాచాల్సిన పని లేదన్నమాట.

ఇక్కడ మీరు రాయని విషయం ఒకటుంది: మీకు వేరే ఉద్యోగమో వ్యవసాయమో ఉందా? చెక్కడమే జీవనాధారమైతే ఫిర్యాదులో ఆ మాట స్పష్టంగా రాయండి. వేరే ప్రధాన ఆదాయం ఉండి, ఇది పక్క సంపాదన అయితే ‘బతుకుతెరువు కోసమే’ అన్న దగ్గర వాదన జరుగుతుంది. ఒక పేరాలో ‘సరదాకు కొన్నాను’ అని, మరో పేరాలో ‘నెల రోజుల ఆర్డర్లు పోయాయి’ అని మాత్రం రాయకండి. కేసులు ఇలాంటి చోటే చెడిపోతాయి.

అసలు విషయం రంధ్రం. వారంటీ కార్డులో ‘మార్పులు చేస్తే చెల్లదు’ అని ఉండవచ్చు. ఆ షరతు ఉన్నా, మీరు చేసిన పనికీ వచ్చిన లోపానికీ సంబంధం ఏమిటని వినియోగదారుల కమిషన్ (వాళ్లు కోర్టు అన్నది దీన్నే) అడుగుతుంది. మీ పనులన్నీ ఒకే తూకం కావు. ఫ్రేముకు బిగించిన స్టాండు కంట్రోలర్‌ను తాకనే లేదు. డ్రాగ్ చైన్ కూడా అంతే. గ్లాండు సంగతి ఇంకా ఆసక్తికరం. కరెంటు ఉండగా స్టెప్పర్ మోటారు కనెక్టర్ వదులై ఊడితే కంట్రోలర్‌లో దాన్ని నడిపే డ్రైవర్ సర్క్యూట్ కాలిపోవచ్చు. కేబుల్ మీద లాగుడు పడకుండా గ్లాండుతో పట్టించడం ఆ ప్రమాదాన్ని తగ్గించడానికే. వాళ్లిచ్చిన పుస్తకంలో కేబుళ్లను లాగుడు లేకుండా బిగించాలని ఎక్కడైనా ఉంటే, ఆ పేజీని మీ మొదటి ఆధారంగా జతచేయండి.

మీకు ఇబ్బంది కలిగించేది గ్లాండు కాదు, రంధ్రం చేసిన తీరు. బోర్డు లోపల ఉండగానే డ్రిల్ పెట్టారా? పెట్టె లోహందైతే, ఆ పొట్టు బోర్డు మీద పడి షార్ట్ అయిందని వారు అంటారు, ఆ మాటలో పస ఉంటుంది. బోర్డు బయటకు తీసి చేసి ఉంటే, చేస్తున్నప్పుడు తీసిన ఫొటో ఉంటే, సగం గెలిచినట్టే. ఆ ఫొటోలున్న అసలు ఫోను అమ్మేయకండి. ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాల్సి రావచ్చు.

లోపం ఉందని చూపించాల్సిన బాధ్యత ముందు మీది. మీ మార్పు వల్లే కాలిందని అంటే దాన్ని నిలబెట్టుకోవాల్సింది వారు. పరీక్ష లేకుండా తేలని లోపమైతే సెక్షన్ 38 ప్రకారం కమిషన్ వస్తువుకు సీలు వేయించి ప్రయోగశాలకు పంపగలదు, ఖర్చు మీరు డిపాజిట్ చేయాల్సి ఉంటుంది. మెకానిక్ చేతిలో పెట్టవద్దన్నది ఇందుకే. ఒకసారి వేరే చేయి సోల్డరింగ్ చేశాక ఆ పరీక్షకు విలువ ఉండదు.

వారు చెప్పింది ఫోనులోనే కాబట్టి ఈరోజే ఒక ఈమెయిలు పంపండి: ఏ భాగం కాలిందో, రంధ్రానికీ దానికీ సంబంధమేమిటో రాసివ్వమనండి. రాసిచ్చాక మాట మార్చడం కష్టం. లేకపోతే రేపు రంధ్రాన్ని వదిలేసి, నరసాపురం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి వల్లనో, చెక్కపొడి వల్లనో పాడైందని కొత్త కారణం వెతుకుతారు. జవాబివ్వకపోతే ఆ మౌనం కూడా మీకు ఉపయోగమే.

ఫిర్యాదులో వారంటీ షరతు ‘అన్యాయమైన ఒప్పందం’ అని వాదించాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ తరహా ఫిర్యాదు జిల్లా కమిషన్ పరిధిలో లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. వస్తువులో లోపం, సేవలో లోపం అన్న రెండింటితోనే ఆగండి. వినియోగదారుల చట్టంలో వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం గురించి చెప్పే ‘ఉత్పత్తి బాధ్యత’ అధ్యాయం కూడా మీకు వర్తించదు, వస్తువు తనకు తాను పాడవడం ఆ చట్టం చెప్పే ‘హాని’ కాదు. యంత్రాన్ని ఆపే అత్యవసర బటన్ పనిచేయక మీ బావమరిది వేలు తెగి ఉంటే అప్పుడు ఆ అధ్యాయం తెరవాలి. అక్కడ మాత్రం వస్తువును మార్చారన్న వాదన అమ్మకందారుకు సెక్షన్ 87 కింద నేరుగా రక్షణ. అందుకే ఆ బటన్ వైర్ల జోలికి వెళ్లకపోవడం మంచిది.

దుకాణం హైదరాబాద్‌లో ఉన్నా మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపే ఉంటే రుసుము లేదు, ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. విచారణకు వీడియోలో హాజరు కావడానికి అనుమతి కోరవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు. ముందు నోటీసు ఇవ్వాలని చట్టం చెప్పకపోయినా స్పీడ్ పోస్టులో ఒకటి పంపి 15 రోజులు ఆగండి. కంట్రోలర్ మార్పిడి లేదా డబ్బు వాపసు అడగండి. దానితోపాటు ఆగిపోయిన ఆర్డర్లకు రసీదులున్నంత మేరకే పరిహారం కోరండి.