వెనక అట్ట విప్పిన చోట మొదలుపెట్టు

తమ్ముడూ,

పాత షార్ట్‌వేవ్ రేడియోను ఇంట్లోనే బాగుచేసిన సంగతి మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి రెండు పేజీలు కొట్టెయ్. క్యాబినెట్ చెక్క మెరుపు, డయల్ మీద పారిస్, రోమ్, మాస్కో పేర్లు, గతం మళ్లీ పలికిందనడం... పాత రేడియో మీద రాసే ప్రతివాళ్లూ అక్కడే మొదలెడతారు. చదివేవాడికి కావలసింది వెనక అట్ట విప్పాకే ఉంది, అక్కణ్నుంచే మొదలుపెట్టు.

ఇలాంటి రాతలో ఒక చిక్కుంది. చదివేవాడు చదివి ఊరుకోడు, నీ వాక్యం వెనకే చెయ్యి కూడా పెడతాడు. "ప్లగ్ పెట్టి ఆన్ చేశాను, గుర్రుమని మోత వచ్చింది, అప్పుడు కెపాసిటర్లు మార్చాను" అని రాశావు. జరిగింది అదే కావచ్చు, కానీ అది చదివి ఇంకొకరు ఏళ్లుగా మూలపడ్డ సెట్టుకు నేరుగా కరెంటు ఇస్తారు. పాతబడిన ఎలక్ట్రోలిటిక్ (ఛార్జ్ నిల్వచేసే పెద్ద కెపాసిటర్) షార్ట్ అయ్యిందంటే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ వాల్వుతో పాటు పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవచ్చు. వాల్వు ఎక్కడో అక్కడ దొరుకుతుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకడమే కష్టం. కాబట్టి ముందు కెపాసిటర్ల మాట రాయి. తర్వాత మెయిన్స్‌కు సిరీస్‌లో, అంటే రేడియోకు వెళ్లే కరెంటు దాని గుండానే పోయేలా, ఒక ఫిలమెంట్ బల్బు పెట్టి (ఎల్‌ఈడీ పనికిరాదు, ఆ మాటా రాయి) తొలిసారి కరెంటు ఇవ్వడం చెప్పు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే పర్లేదు, నిండు వెలుగుతో అలాగే ఉండిపోతే వెంటనే ప్లగ్ పీకెయ్యాలి.

జాగ్రత్తలన్నీ చివరి పేరాలో కుప్పపోశావు. అక్కడిదాకా వచ్చేసరికి షాక్ కొట్టాల్సినవాడికి కొట్టేసి ఉంటుంది! ఛాసిస్ (భాగాలన్నీ బిగించిన లోహపు పెట్టె) బయటికి లాగమనే ముందే చెప్పు, ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్లలో మెయిన్స్ తీగ ఒకటి చాలావరకు ఛాసిస్‌కే కలిసి ఉంటుంది, ప్లగ్ తిరగేసి పెడితే ఆ లోహపు పెట్టె మొత్తం లైవ్ అవుతుంది, ముట్టుకుంటే షాకే, సెట్టును మెయిన్స్ నుంచి వేరుచేసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా అలాంటి సెట్టు జోలికి పోవద్దని. అలాగే కెపాసిటర్ విప్పమనే ముందు, ప్లగ్ తీసేశాక కూడా అందులో రెండు మూడు వందల వోల్టులు నిలిచి ఉండొచ్చని, రెసిస్టర్ పెట్టి డిశ్చార్జ్ చేసి మీటర్‌తో చూసుకున్నాకే వేలు పెట్టాలని రాయి.

నాకు పెద్ద లోటనిపించింది మాత్రం వేరే. "పేపర్ కెపాసిటర్లన్నీ మార్చేశాను" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అన్నిటి గురించీ అక్కర్లేదు, ఒకదాని సంగతి పూర్తిగా చెప్పు చాలు. ఆడియో వాల్వు ఆనోడ్‌కూ (సిగ్నల్ బయటికి వచ్చే చోటు) అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కూ (సిగ్నల్ లోపలికి వెళ్లే చోటు) మధ్య ఉండే కప్లింగ్ కెపాసిటర్‌ను తీసుకో. సౌండ్ సిగ్నల్‌ను పోనిచ్చి డీసీని ఆపడం దాని పని. అది లీకైతే గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజ్ చేరుతుంది, ఈఎల్84 లాంటి అవుట్‌పుట్ వాల్వు మోయలేనంత కరెంటు లాగి వేడెక్కిపోతుంది, గొంతు బొంగురుపోతుంది, అలాగే వదిలేస్తే వాల్వు, ఒక్కోసారి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోతాయి. విచిత్రమేమిటంటే అప్పటిదాకా రేడియో పాడుతూనే ఉంటుంది. పైగా మామూలు మల్టీమీటర్ ఆ కెపాసిటర్ బాగానే ఉందని చెప్పొచ్చు, ఎందుకంటే మీటర్ కొద్ది వోల్టులతో కొలుస్తుంది, అది పనిచేసేదేమో వంద వోల్టుల దరిదాపుల్లో. పాడుతున్న రేడియోలో కూడా దాన్ని ఎందుకు మార్చాలో ఇక నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

షార్ట్‌వేవ్‌లో ఒకే స్టేషన్ డయల్ మీద రెండు చోట్ల వినిపించిందని సంబరపడుతూ రాశావు. అది నీ సెట్టు గొప్పతనం కాదురా, ఇమేజ్, అంటే ఆ స్టేషన్ నకలు! ఐఎఫ్ (ఏ స్టేషన్‌నైనా సెట్టు లోపల మార్చుకునే ఒకే ఫ్రీక్వెన్సీ) 455 కిలోహెర్ట్జ్ అయితే దానికి రెట్టింపు, అంటే 910 కిలోహెర్ట్జ్ దూరంలో అదే స్టేషన్ మళ్లీ తగులుతుంది. ఆ సంబరం తీసెయ్, ఈ లెక్క ఉంచు. ఐఎఫ్ కోర్లు (ఐఎఫ్ కాయిల్స్‌ను ట్యూన్ చేసే ముక్కలు) "కాస్త తిప్పి చూశాను" అన్న వాక్యం కూడా తీసెయ్. సిగ్నల్ జనరేటర్ లేకుండా వాటిని చెవితో సర్దడం కుదరదు, లోహపు స్క్రూడ్రైవర్ పెడితే కోర్ పగిలే ప్రమాదం కూడా ఉంది.

ఇక చివర్లో "స్టేషన్లు పెద్దగా రాలేదు" అని నిరాశగా ముగించావు. ఏ టైముకు, ఏ బ్యాండ్‌లో, ఎంత పొడవు ఏరియల్ తీగ కట్టి విన్నావో ఒక్క మాట లేదు. పగలు 49 మీటర్ల బ్యాండ్ తిప్పి ఏమీ రాలేదంటే ఆ తప్పు రేడియోది కాదు, దూరపు స్టేషన్లు ఆ బ్యాండ్‌లో చీకటి పడ్డాకే బాగా అందుతాయి, పగటికి 19 మీటర్ల బ్యాండ్ నయం. పక్కనే ఫోన్ ఛార్జరో ఎల్‌ఈడీ బల్బో ఉంటే ఆ గోల వేరు. డయల్ మీది స్టేషన్లలో చాలా వాటిని ఎప్పుడో మూసేశారు కూడా. మళ్లీ విని, టైము, బ్యాండ్ నోట్ చేసుకుని ఆ పేరా తిరగరాయి.

ఫోటోలు సగం తగ్గించు. డయల్ తాడు (నాబ్ తిప్పితే ముల్లును కదిపేది) ఏ చక్రం మీదుగా ఎటు చుట్టుకుని వచ్చిందో ఒక బొమ్మ చేత్తో గీసి పెట్టు, ఆ తాడు తెగినవాళ్లు ముందు వెతికేది దాన్నే. మార్చాక పంపు, చూస్తాను.