ఫ్రేమ్ పక్కకు ఫోకస్: పాఠకుల సందేహాలు

ప్రశ్న: ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీస్తే ఇద్దరూ మసకగా వస్తున్నారు. వాళ్ల మధ్య సందులో కనిపించే గోడ మాత్రం స్పష్టంగా ఉంటోంది. లెన్స్ పాడైందా?

లెన్స్ బాగానే ఉంది. కెమెరా మీరు చూపించిన చోటికే ఫోకస్ చేసింది. ఆటో ఏరియాలో, అంటే ఎక్కడ ఫోకస్ చేయాలో తనే ఎంచుకునే అమరికలో ఉన్న కెమెరా సాధారణంగా తనకు దగ్గరగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది. కాబట్టి మీ కెమెరాలో మధ్య పాయింటు (ఎక్కడ ఫోకస్ చేయాలో చూపే గుర్తు) ఒక్కటే పనిచేస్తూ ఉండాలి. ఆ పాయింటు ఇద్దరి భుజాల మధ్య ఖాళీలో పడి, వెనక గోడను అందుకుంది.

ఫోకస్ మోడ్‌ను స్థిరంగా ఉన్నవాటికి వాడే మోడ్‌లో పెట్టండి. నికాన్, సోనీల్లో దాన్ని ఏఎఫ్-ఎస్ అంటారు, కెనాన్‌లో వన్ షాట్. మధ్య పాయింటును ఇద్దరిలో ఒకరి కంటి మీద ఉంచి షట్టర్ బటన్ సగం నొక్కండి. బీప్ వినిపించినా, పాయింటు ఆకుపచ్చగా మారినా, చుక్క నిలకడగా వెలిగినా ఫోకస్ లాక్ అయినట్టే. వేలు ఎత్తకుండా కెమెరాను మీకు కావలసిన ఫ్రేమ్‌కు తిప్పి, బటన్ పూర్తిగా నొక్కండి.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, మోడ్ కదిలేవాటిని వెంబడించే ఏఎఫ్-సి లేదా (కెనాన్‌లో) ఏఐ సర్వోలో ఉండిపోవడం. అందులో సగం నొక్కినా లాక్ పడదు. కెమెరా తిప్పగానే ఫోకస్ మళ్లీ గోడ మీదికి జారిపోతుంది. రెండోది, మొదటి ఫొటో తీశాక వేలు పూర్తిగా ఎత్తేసి, అదే ఫ్రేమ్‌లో రెండోది తీయడం. అప్పుడు కెమెరా కొత్తగా ఫోకస్ చేస్తుంది, అదీ మళ్లీ ఆ సందులోనే. పది ఫొటోల్లో మొదటిది బాగుండి మిగతావన్నీ పోయాయంటే కారణం చాలావరకు ఇదే.

ప్రశ్న: 35 మి.మీ. ఎఫ్/1.4 లెన్స్‌తో మీటరు దూరం నుంచి నిలువు పోర్ట్రెయిట్లు తీస్తున్నాను. కంటి మీద లాక్ చేసి ఫ్రేమ్ సరిచేసుకుంటే కన్ను పోయి చెవి వైపు షార్ప్‌గా వస్తోంది. లాక్ పడిందని మాత్రం కచ్చితంగా చెప్పగలను.

లాక్ పడింది నిజమే. లాక్ అయ్యాక మీరు కెమెరాను తిప్పారు, తేడా అక్కడే వచ్చింది.

ఫోకస్ అనేది ఒక చుక్క కాదు, ఒక పలక. కెమెరా ముందు, సెన్సర్‌కు (కెమెరాలో బొమ్మ పడే చిప్‌కు) సమాంతరంగా, గాజు పలక ఒకటి నిలబడి ఉందనుకోండి. దాన్ని తాకినవన్నీ షార్ప్‌గా వస్తాయి. కెమెరాను వంచితే ఆ పలకా దాంతోపాటే వంగుతుంది. మధ్యలో ఉన్న కన్ను ఫ్రేమ్ పైభాగానికి వెళ్లేసరికి పలక దాని వెనక్కు జరిగిపోతుంది.

లెక్క చూద్దాం. ఫుల్ ఫ్రేమ్ కెమెరాను (36×24 మి.మీ. సెన్సర్ ఉన్నదాన్ని) నిలువుగా పట్టుకుంటే సెన్సర్ మీద ఫ్రేమ్ ఎత్తు 36 మి.మీ. కన్ను మధ్య నుంచి 12 మి.మీ. పైకి, అంటే పై అంచు నుంచి ఆరో వంతు దిగువకు చేరాలంటే 35 మి.మీ. లెన్స్‌తో కెమెరాను దాదాపు 19 డిగ్రీలు వంచాలి. మీటరు దూరంలో అంత వంచితే పలక కంటికి 5.4 సెం.మీ. వెనక నిలుస్తుంది. ఎఫ్/1.4 దగ్గర ఆ పలకకు ముందువైపు స్పష్టంగా ఉండే మందం 3.3 సెం.మీ. మాత్రమే. కన్ను దాని బయట పడిపోయింది. వెనకవైపు మందం చెవి దాకా అందుతోంది. మీ ఫొటోల్లో కనిపిస్తున్నది ఇదే.

ఎపర్చర్‌ను (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) చిన్నది చేసి ఎఫ్/4కు తెస్తే ముందువైపు దాదాపు 9 సెం.మీ. దొరుకుతుంది, 5.4 అందులో ఇమిడిపోతుంది. లేదా వెనక్కు నడవండి. 3 మీటర్ల నుంచి ఇంతే వంచితే పొరపాటు 16 సెం.మీ.కు పెరుగుతుంది కానీ, ఎఫ్/1.4 దగ్గరే ముందువైపు 28 సెం.మీ. దొరుకుతుంది. పొరపాటు దూరంతో సమానంగా పెరిగితే, స్పష్టత మందం దూరపు వర్గంతో పెరుగుతుంది. అందుకే దూరంగా ఉన్నవాళ్లను తీసేటప్పుడు ఈ బాధ తెలియదు. (ఈ మందాలు మామూలు ప్రింటు సైజుకు వేసినవి. తెరపై నూరు శాతం పెంచి చూస్తే ఇంకా తక్కువగా అనిపిస్తాయి.)

దూరంలో ఉన్నవాటిని దగ్గరగా చూపే టెలి లెన్స్‌లతోనూ ఇబ్బంది తక్కువ. 85 మి.మీ. లెన్స్‌తో 1.5 మీటర్ల నుంచి తీస్తూ కన్నును మూడో వంతు గీత మీదికి తేవాలంటే 4 డిగ్రీలు వంచితే చాలు. పొరపాటు 4 మి.మీ. కూడా దాటదు.

మీ లెన్స్‌తో, మీ దూరంలో మాత్రం కెమెరాను తిప్పే పద్ధతి మానేయండి. ముందు ఫ్రేమ్ కుదుర్చుకుని, తర్వాత ఫోకస్ పాయింటునే కంటి దగ్గరికి తీసుకెళ్లండి. జాయ్‌స్టిక్‌తోనో, వెనక ఉన్న నాలుగు దిక్కుల బటన్‌తోనో రెండు మూడు నొక్కుల పని. మొదట్లో నెమ్మదిగా అనిపిస్తుంది గానీ, కళ్లు తరచుగా పడే చోట పాయింటును ముందే పెట్టుకుంటే వేళ్లకు త్వరగానే అలవాటవుతుంది. పాయింటు కంటి దాకా అందకపోతే, అందే చివరి పాయింటుతో లాక్ చేసి మిగతా కొంచెమే వంచండి. కోణం సగానికి తగ్గితే పొరపాటు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది. కెమెరాను తిప్పకుండా, అది చూసే దిక్కు మారకుండా, మీరే పక్కకో కిందికో జరగండి. పలక వంగదు కాబట్టి కన్ను దాని మీదే ఉంటుంది. మాక్రో, అంటే చిన్న వస్తువులను చాలా దగ్గరి నుంచి తీసేవాళ్లకు ఇదే సరైన దారి, ఎందుకంటే అక్కడ స్పష్టత మందం మిల్లీమీటర్లలోనే ఉంటుంది.

ప్రశ్న: పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లో అంచు పాయింట్లు వాడితే లెన్స్ ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఫోకస్ దొరకడం లేదు. మధ్య పాయింటు మాత్రం క్షణంలో పట్టేస్తోంది.

చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌లలో మధ్య పాయింటు క్రాస్ రకం, అంటే అడ్డ గీతలనూ నిలువు గీతలనూ రెండింటినీ గుర్తుపడుతుంది. అంచు పాయింట్లలో చాలా వాటికి ఒకే దిక్కు తెలుస్తుంది. నిలువు గీతలకే స్పందించే పాయింటును అడ్డంగా సాగిన కిటికీ చట్రం మీద పెడితే దానికి పట్టు దొరకదు. కెమెరాను 20, 30 డిగ్రీలు పక్కకు ఒరిగించి లాక్ చేసి, మళ్లీ నిటారుగా తెచ్చుకోండి. లెన్స్ అక్షం చుట్టూ తిప్పుతున్నారు కాబట్టి పలక వంగదు. లేకపోతే అదే వస్తువు మీద మరో దిక్కున ఉన్న అంచును వెతకండి. ముఖమైతే కనుబొమ్మ, కళ్లజోడు ఫ్రేము, చొక్కా కాలరు బాగా పనికొస్తాయి. నున్నటి బుగ్గ పనికిరాదు.

వెలుతురు తక్కువైతే అంచు పాయింట్లు ముందుగా చేతులెత్తేస్తాయి. ట్రైపాడ్ ఉంటే లైవ్ వ్యూలోకి (బొమ్మను వెనక తెర మీద చూపే పద్ధతిలోకి) వెళ్లి, పెంచి చూపే చట్రాన్ని నేరుగా వస్తువు మీదికి జరిపి, 5 లేదా 10 రెట్లు పెంచుకుని చేత్తో ఫోకస్ చేయండి. కదలని వస్తువుకు ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదు.

ప్రశ్న: పరుగెత్తే పిల్లలను ఫ్రేమ్‌లో ఒక పక్కకు ఉంచి తీయాలంటే?

లాక్ చేసి తిప్పే పద్ధతి ఇక్కడ అసలు పనికిరాదు. లాక్ చేసిన దూరం మీరు కెమెరా తిప్పేలోపే పాతబడిపోతుంది. ఏఎఫ్-సి పెట్టి, పిల్లలు వెళ్లే దిక్కున ఖాళీ మిగిలేలా పాయింటును ముందే ఎదుటి పక్కకు జరిపి ఉంచండి. కుడివైపుకు పరుగెడుతుంటే పాయింటు ఎడమ మూడో వంతు దగ్గర ఉండాలి. మిర్రర్‌లెస్ కెమెరాలో ముఖాన్ని, కన్నును గుర్తించే సదుపాయం ఉంటే ఆ పని అదే చేస్తుంది. అయితే ముఖాలు ఎక్కువైతే వేరొకరిని ఎంచుకోవచ్చు, కాబట్టి చట్రం ఎవరి మీద ఉందో చూస్తూ ఉండండి.

ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి తప్పించి వెనక ఏఎఫ్-ఆన్ బటన్‌కు మార్చుకుంటే రెండు పనులూ ఒకే మోడ్‌లో అవుతాయి. ఏఎఫ్-సిలోనే, బటన్ నొక్కి ఉంచితే ఫోకస్ వెంబడిస్తుంది, వదిలేస్తే అక్కడే ఆగుతుంది.

ప్రశ్న: ఫోన్ కెమెరాలో?

తెర మీద ఆ వస్తువును తాకండి. ఎక్కువసేపు నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్‌తోపాటు వెలుతురూ లాక్ అవుతుంది. నీడలో ఉన్న ముఖాన్ని తాకితే ఆకాశం తెల్లగా పాలిపోతుంది, అప్పుడు పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి.

ప్రశ్న: పాత ఫిల్మ్ ఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ చూసే వలయం మధ్యలోనే ఉంది. వస్తువు అంచున ఉంటే ఎలా?

ఆ వలయంలో రెండు ముక్కలైన బొమ్మ కలిసేదాకా రింగు తిప్పడం సులువు కాబట్టి అందరూ దాని మీదే ఆధారపడతారు. కానీ వలయం చుట్టూ ఉన్న గరుకు తెర కూడా ఫోకస్ చూపిస్తుంది. వస్తువు ఎక్కడ ఉందో అక్కడే చూస్తూ, బొమ్మ స్పష్టపడి మళ్లీ మసకబారేదాకా రింగు తిప్పండి. తర్వాత వెనక్కు తెచ్చి, ఆ రెండు మసకల నడుమ ఆపండి. ఎఫ్/2.8 లేదా అంతకన్నా పెద్ద ఎపర్చర్ లెన్స్‌తో ఇది తేలిక. ఎఫ్/5.6 లెన్స్‌తో తెర చీకటిగా ఉంటుంది, మధ్య వలయంలో ఒక సగం నల్లబడిపోవచ్చు కూడా.

రేంజ్‌ఫైండర్ కెమెరాలో (లెన్స్ గుండా కాక, పక్కనున్న వేరే కిటికీ గుండా చూసే కెమెరాలో) గరుకు తెర లేదు, ఫోకస్ మచ్చ మధ్యలోనే ఉంటుంది. అందులో కెమెరాను తిప్పక తప్పదు. దగ్గరి నుంచి పెద్ద ఎపర్చర్‌తో తీస్తుంటే, ఫోకస్ చేసి తిప్పాక శరీరాన్ని కాస్త వెనక్కు వాల్చండి. పై లెక్కలో పలక కంటికి 5 సెం.మీ. వెనకపడింది కదా, మీరు సుమారు అంతే వెనక్కు జరిగితే అది మళ్లీ కంటి మీదికి వస్తుంది. కెమెరా ముందు 5 సెం.మీ. తేడాతో వరుసగా మూడు సీసాలు నిలబెట్టి, ముందున్న దాని మీద ఫోకస్ చేసి ఫ్రేమ్ తిప్పి, ఒకసారి వాలకుండా, ఒకసారి వాలి తీసి చూడండి. ఎంత వాలాలో మీ లెన్స్‌కు తగ్గట్టు తెలుస్తుంది.