పట్టకారు శీల

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, డీఎన్‌ఏని పట్టుకుని జన్యువులను పనిచేయించే ఫాస్, జున్ ప్రోటీన్లు జతకట్టే తీరు మీదే నీ పీహెచ్‌డీ అని చెప్పాడు. గర్వంతో కళ్ళు చెమర్చాయి. పక్క మీద వాలాక భయం పట్టుకుంది. నిద్ర రాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

చదువు సంగతి నీకు చెప్పక్కర్లేదు. 1988లో లాండ్‌షుల్జ్, జాన్సన్, మెక్‌నైట్ ఇలాంటి ప్రోటీన్లను జతచేసే భాగాన్ని ‘ల్యూసీన్ జిప్పర్’ అన్నప్పుడు జిప్పు పళ్ళలా ల్యూసీన్ అనే అమైనో ఆమ్లాలు ఒకదాని సందులో ఒకటి ఇరుక్కుంటాయనుకున్నారు. మరుసటి ఏడే అది జిప్పు కాదు, పురిపెట్టిన తాడు అని తేలింది. రెండు హెలిక్సులు, అంటే స్ప్రింగులా చుట్టుకున్న ప్రోటీన్ గొలుసులు, ఒకే దిశలో పక్కపక్కన మెలితిరుగుతాయి. ప్రతి ఏడో స్థానంలో వచ్చే ల్యూసీనూ నీటికి మొహం చాటేసి లోపల ఎదుటిదాన్ని ఆనుకుంటుంది. ఎవరికెవరు జతో తేల్చడంలో అంచుల్లోని విద్యుదావేశాలది పెద్ద పాత్ర. ఫాస్ అంచుల్లో రుణావేశాలెక్కువ, అందుకే తనతో తాను ఇమడలేదు, జున్‌తో గట్టిగా ఇముడుతుంది.

మీ నాయనమ్మ వేడి గిన్నె దించే పట్టకారు గుర్తుందా? ఈ జంట అచ్చం అదే. జిప్పర్ శీల, ధనావేశపు భాగాలు రెండు కాడలు. విడిగా ఉన్నప్పుడు ఆ కాడలకు ఆకారమే ఉండదు. డీఎన్‌ఏలో టీజీఏసీటీసీఏ అనే ఏడక్షరాలు తగిలాక హెలిక్స్‌గా బిగుసుకుని, డీఎన్‌ఏ పెద్ద గాడిలో చెరో సగాన్ని పట్టుకుంటాయి.

ప్రోటీన్ పట్టిన డీఎన్‌ఏ జెల్‌లో వెనకబడి పైన గీతగా కనిపిస్తుంది కదా, ఆ జెల్ చలిగదిలో నడుపు. ఫిల్మ్ మీద కనిపించే గుర్తు కట్టని డీఎన్‌ఏని పోటీకి పెట్టు, అక్షరాలు మార్చినదాన్నీ పెట్టు. ఫాస్, జున్ కలిపిన వెంటనే జెల్‌లో పొయ్యకు, జున్ తనతో తాను కట్టుకున్న పాత జతలు విడిపోవడానికి కాస్త వెచ్చదనం, వ్యవధి కావాలి. ఆక్రిలమైడ్ పొడి మాస్కు లేకుండా తూచావని తెలిస్తే ఊరుకోను, అది నరాలకు విషం. రాత్రిళ్ళు చలిగదిలో ఒక్కదానివే ఉండకు తల్లీ.

ఇక నేను చేసిన తప్పు. జున్‌లో రెండు ల్యూసీన్లను ప్రోలీన్‌గా మార్చాను. ప్రోలీన్ హెలిక్స్‌ని విరిచేస్తుంది, జత విడిపోవాలి, పట్టు పోవాలి. శుద్ధి సులువని ముందు తగిలించిన జీఎస్‌టీ అనే ప్రోటీన్ తోకని అలాగే వదిలేశాను. ఫిల్మ్ కడిగి దీపానికి ఎత్తి చూస్తే, మార్చిన జున్ వరుసలోనూ పైన నల్లటి గీత! పక్కన జీఎస్‌టీ ఒక్కటే పోసిన వరుస అద్దంలా ఖాళీ. ఆ ఖాళీ వరుసే నన్ను ముంచింది. తోక తప్పేమీ లేదనుకున్నాను. ఈ జతకి ల్యూసీన్లు అక్కర్లేదని ఎనిమిది నెలలు నమ్మాను, నలుగురి ముందూ చెప్పాను.

కొత్తగా చేరిన ఒక అమ్మాయి “సార్, తోక కోసి చూశారా?” అంది. విసుక్కున్నాను. వారం తర్వాత, ఎవరూ లేనప్పుడు, థ్రాంబిన్ అనే కత్తెర ఎంజైము వేసి కోశాను. గీత మాయం.

జీఎస్‌టీ తనంతట తనే జంటగా ఉండే ప్రోటీన్. డీఎన్‌ఏని పట్టదు కనక ఒంటరిగా పోస్తే ఏమీ కనిపించదు. నా జున్‌లను రెండింటినీ పక్కపక్కన నిలబెట్టింది మాత్రం అదే. ఒక శీల పీకి, నాకు తెలియకుండానే ఇంకోటి దిగ్గొట్టాను. జిప్పర్ బదులు డైసల్ఫైడ్ బంధంతో, అంటే గంధకపు ముడితో, కట్టినా అలాంటి కాడలు డీఎన్‌ఏని గుర్తుపడతాయని తలానియన్, మెక్‌నైట్, కిమ్ 1990లోనే చూపారు. ఆ వ్యాసం నా బల్ల మీదే ఉండేది.

ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

తోక మొదటి రోజే కోసెయ్యమ్మా. మొదటి జెల్ ఫోటో, ఏ వరుసలో ఏం పోశావో పక్కన రాసి, నాకు పంపు. మరకలున్నా సరే.

మీ పెదనాన్న