అరచేతిలో ‘కరెంటు’ కొడుతోంది.. కుట్టిన నరం విడిపోయిందా?

ప్రశ్న: నా వయసు 34. కిటికీలకు, షాపులకు అద్దాలు బిగించే పని చేస్తాను. పది వారాల కిందట అద్దం పలక జారి కుడి మణికట్టు లోపలి వైపు లోతుగా తెగింది. అదే రాత్రి ఆపరేషన్ చేసి నరం, రెండు టెండన్లు కుట్టారు. ఇప్పుడు వేళ్లు ముడవగలుగుతున్నాను గానీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి ఉన్నాయి. మొన్న టీ గ్లాసు పట్టుకుంటే వేలు బొబ్బెక్కింది, చూసేదాకా తెలియలేదు. రెండు వారాలుగా అరచేయి మధ్యలో ఏదైనా తగిలితే వేళ్లలోకి కరెంటు కొట్టినట్టు జిల్లుమంటోంది. నరాల కణాలు ఒకసారి పోతే మళ్లీ రావని ఫోన్లో చదివి టెన్షన్ పడుతున్నాను. కుట్టు విడిపోయిందా? అమ్మ నరాల బలానికి మాత్రలు తెప్పించింది. వాడమంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు భయపడుతున్న ఆ కరెంటు దెబ్బను నేను మంచి కబురుగానే చూస్తున్నాను. ఎందుకో చెప్పేముందు అసలు తెగిందేమిటో మాట్లాడుకుందాం.

మన వాడుకలో ‘నరం’ అనే మాటతో నానా చాకిరీ చేయిస్తాం. రక్తం తీసేటప్పుడు నర్సు ‘నరం దొరకట్లేదు’ అంటే అది సిర. పిక్క బిగుసుకుని ‘నరం పట్టేసింది’ అంటే అది కండరం. పిడికిలి బిగిస్తే మణికట్టు దగ్గర తాడులా తేలేది టెండన్. గోడల మీద రాసే ‘నరాల బలహీనత’ సంగతి సరేసరి, దానికీ నరాలకూ చుట్టరికమే లేదు. మీకు తెగింది మాత్రం అసలైన నరమే. మొద్దుబారిన వేళ్లను బట్టి అది మీడియన్ నరం అయి ఉండాలి. బొటనవేలి నుంచి ఉంగరపువేలిలో సగం దాకా అరచేతి వైపు స్పర్శ దానిదే. బొటనవేలిని మిగతా వేళ్లకు ఎదురుగా తెచ్చే కండరాలను నడిపేదీ అదే.

ఆ నరాన్ని అడ్డంగా కోసి మైక్రోస్కోపులో చూస్తే వేల పోగులు కట్టలు కట్టలుగా కనిపిస్తాయి. ఒక్కో పోగు ఒక్కో నాడీకణం తోక. దాన్ని ఆక్సాన్ అంటాం. కేంద్రకం ఉండే అసలు భాగం, అంటే కణదేహం, మీ చేతిలో లేనే లేదు. స్పర్శ తెలిపే కణాల దేహాలు మెడ దగ్గర వెన్నుపాము పక్కనే చిన్న ముడుల్లో ఉంటాయి. కండరాలను కదిలించే కణాల దేహాలు వెన్నుపాము లోపలే ఉంటాయి. కణదేహం మిల్లీమీటరులో పదో వంతు కూడా మించదు. తోక మాత్రం మెడ నుంచి చూపుడువేలి కొస దాకా, ముప్పావు మీటరు వరకూ సాగుతుంది. శరీరంలో ఇంత విడ్డూరమైన ఆకారం ఉన్న కణం మరొకటి లేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అద్దం కోసింది ఆ తోకను. కణం మెడ దగ్గర బతికే ఉంది. మీరు ఫోన్లో చదివింది కణమే చచ్చిపోయినప్పటి మాట.

పెరట్లో దొండపాదు ఉంటే మీకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. తీగను మధ్యలో కోస్తే కోతకు అవతలి భాగం పందిరి మీదే ఎండిపోతుంది. వేరు బతికుంటుంది కాబట్టి ఇవతలి కొస మళ్లీ చిగురేస్తుంది, పాత పందిరినే పట్టుకుని పాకుతుంది. నరంలోనూ ఇదే జరుగుతుంది. తెగినచోటు నుంచి వేలి కొస దాకా ఉన్న ఆక్సాన్ ముక్కలు కొన్ని రోజుల్లోనే శిథిలమవుతాయి. అగస్టస్ వాలర్ అనే శాస్త్రవేత్త కప్ప నాలుక నరాలు కోసి ఈ మార్పును గమనించి రాసింది 1850లో. మరి పందిరి ఏది? ష్వాన్ కణాలు. మామూలు రోజుల్లో ఇవి ఆక్సాన్ చుట్టూ చాపలా చుట్టుకుని మైలిన్ అనే కొవ్వు పొర వేస్తాయి. ఆ పొర మధ్యమధ్య వదిలిన ఖాళీల మీదుగా సంకేతం గెంతుతూ పోతుంది. అందుకే స్పర్శ సెకనుకు 50 మీటర్ల వేగంతో మెదడుకు చేరుతుంది. మైలిన్ లేని సన్న పోగుల్లో సెకనుకు ఒకటి రెండు మీటర్లు దాటదు. కాలివేలు గడపకు కొట్టుకున్నప్పుడు ముందు తగిలినట్టు తెలిసి, ఒక్క క్షణం ఆగి మంట మొదలయ్యేది ఈ తేడా వల్లే.

ఆక్సాన్ పోయాక ష్వాన్ కణాలు పని మార్చుకుంటాయి. పాత మైలిన్‌ను శుభ్రం చేసి, వరుసగా నిలబడి ఖాళీ గొట్టంలా దారి ఏర్పరుస్తాయి. చిగురుకు కావలసిన పోషక ప్రొటీన్లనూ అవే వదులుతాయి. మీ సర్జన్ వెంట్రుక కన్నా సన్నటి దారంతో కుట్టింది నరం పై తొడుగును మాత్రమే. లోపలి వేల పోగులను ఎవరూ కుట్టలేరు. తొడుగు ఎదురెదురుగా కలిస్తే పోగులు తమ దారి తామే వెతుక్కుంటాయి.

ఇక లెక్క. చిగురు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. కోత దాటి బయల్దేరడానికే మూడు నాలుగు వారాలు పడుతుంది. మీకు పది వారాలయ్యాయి కాబట్టి చిగురు మచ్చ నుంచి నాలుగైదు సెంటీమీటర్లు ముందుకు, అంటే అరచేయి మధ్యకు వచ్చి ఉండాలి. మీకు కరెంటు కొడుతోందీ అక్కడే! ఇంకా మైలిన్ చుట్టుకోని లేత కొసను తడితే అది అలాగే ఉలిక్కిపడుతుంది. దీన్ని టినెల్ పరీక్ష అంటాం. ఫ్రాన్స్‌లో టినెల్, జర్మనీలో హాఫ్‌మన్ 1915లో విడివిడిగా రాసిన సంగతి ఇది, అప్పట్లో ఆ రెండు దేశాలూ యుద్ధంలో ఎదురెదురుగా ఉన్నాయి.

మీరూ ఇంట్లో చూసుకోవచ్చు. వేలి కొస దగ్గర మొదలుపెట్టి మణికట్టు వైపు మెల్లగా తట్టుకుంటూ రండి. మొదట ఎక్కడ జిల్లుమంటే అక్కడ పెన్నుతో చుక్క పెట్టి, మచ్చ నుంచి దూరం కొలిచి తేదీ వేసి రాసుకోండి. నెలకోసారి చాలు. చుక్క నెలకు రెండున్నర, మూడు సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంటే నరం దారిలో ఉన్నట్టే. రెండు మూడు నెలలు అదే చోట ఆగిపోతే, లేదా మచ్చ మీదే గట్టి ముడిలా తగిలి నొప్పి పెడితే సర్జన్‌కు చూపించాలి. మణికట్టు నుంచి వేలి కొస సుమారు 17 సెంటీమీటర్లు. కాబట్టి కొసల్లో ఏదైనా తెలియడానికి ఆపరేషన్ నుంచి ఆరేడు నెలలు వేసుకోండి. ముందు నొప్పి, వేడి తెలుస్తాయి. నాణేనికీ గుండీకీ తేడా చెప్పేంత సున్నితమైన స్పర్శ చివర్లో వస్తుంది. మీ వయసులో అది నూటికి నూరు పాళ్లు పాత స్థితికి రావడం అరుదు, పని జరిగేంత రావచ్చు.

మెదడు, వెన్నుపాముల సంగతి వేరు. అక్కడ మైలిన్ వేసేవి ష్వాన్ కణాలు కావు, ఆలిగోడెండ్రోసైట్లు. దెబ్బ తగిలితే ఇవి దారి వేయవు. పైగా వాటి మైలిన్‌లోని కొన్ని ప్రొటీన్లు చిగురును అడ్డుకుంటాయి, చుట్టూ ఉన్న ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు మచ్చ కడతాయి. పక్షవాతం వచ్చినవారు కోలుకునేది ఎక్కువగా మిగిలిన కణాలు ఆ పనిని అందుకోవడం వల్లే. మీకు అర్థం కావలసింది ఇంతే, ఆ వ్యాసం మీ చేతి గురించి కాదు.

మాత్రల గురించి అమ్మగారికి నా మాటగా చెప్పండి. రక్తంలో బి12 తక్కువుంటే దాన్ని సరిచేయాలి. తక్కువ లేకపోతే ఏ మాత్రా ఆ మిల్లీమీటరును రెండు చేయలేదు. పెద్ద మోతాదులో బి6 నెలల తరబడి మింగితే అదే నరాలను దెబ్బతీస్తుంది. సిగరెట్ అలవాటుంటే మానేయండి, ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి. జిల్లుమనడం భరించలేని మంటగా మారితే దానికి వేరే మందులున్నాయి, అవి డాక్టరే రాయాలి.

మీరు రాసిన వాటిలో నన్ను కలవరపెట్టింది ఆ టీ గ్లాసు ఒక్కటే. స్పర్శ వచ్చేదాకా మీ వేళ్లకు కాపలా మీ కళ్లే. వేడి వస్తువును ముందు ఎడమచేత్తో తాకి చూడండి. రోజూ రాత్రి వేళ్లను వెలుతురులో తిప్పి చూసుకోండి. ఇప్పుడే ఆ చేత్తో అద్దం ముట్టుకోవద్దు. ఎంత బిగించి పట్టుకున్నారో మీకు తెలియదు.

ఫిజియోథెరపీ ఆపకండి. కండరం నరం కోసం ఏడాది, ఏడాదిన్నర మించి ఎదురుచూడలేదు, సన్నబడి నారగా మారుతుంది. బొటనవేలి కింది కండ మణికట్టుకు దగ్గర కాబట్టి సంకేతం ముందు దానికే అందాలి. ఆపరేషన్ అయిన ఐదో నెల దాటినా బొటనవేలు చిటికెనవేలి వైపు రావడానికి ఏమాత్రం ప్రయత్నించకపోతే, ఎన్‌సీఎస్ (నరంలో సంకేతం ఎలా పోతోందో చూసేది), ఈఎంజీ (కండరంలో విద్యుత్ సంకేతాలను చూసేది) పరీక్షలు చేయించి, ఆపరేషన్ చేసిన డాక్టర్నే కలవండి. మీరు కొలిచి రాసుకున్న కాగితం కూడా పట్టుకెళ్లండి.